‘సర్వర్ డౌన్’ అంటే ఎక్కడ ఆగినట్టు? యార్డు నుంచి బ్యాంకు దాకా అప్లికేషన్ సర్వర్లు మాట్లాడుకునే తీరు

గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గరైనా, పత్తి కొనుగోలు కేంద్రంలోనైనా, గ్రామ సచివాలయంలోనైనా, బ్యాంకు మిత్ర దగ్గరైనా పని ఆగినప్పుడు వినిపించే మాట ఒక్కటే: "సర్వర్ డౌన్ అండీ, కాసేపాగి రండి." ఆ మాట విని ఇంటికి వెళ్లిన వాళ్లలో ఒకరికి ఖాతాలో డబ్బు కట్ అయి ఉంటుంది, చేతికి మాత్రం వచ్చి ఉండదు. ఇంకొకరికి స్లాట్ బుక్ అయ్యే ఉంటుంది, ఆ సంగతి తెలియక మళ్లీ మళ్లీ నొక్కుతుంటారు. మరొకరి విషయంలో సర్వర్‌కు అసలు ఏమీ కాలేదు, వేలిముద్ర సరిపోలేదంతే.

ఇవి మూడు వేర్వేరు సమస్యలు. మూడింటికీ పరిష్కారం చెప్పే చోట్లు కూడా వేరు. పని ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో, ఏ కాగితం దాచుకోవాలో, ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది. అందుకు అప్లికేషన్ సర్వర్ అంటే ఏమిటి, సర్వర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి అన్నది కొంచెం తెలిసి ఉంటే చాలు.

అప్లికేషన్ సర్వర్ అంటే

ఫోన్‌లో కనిపించే యాప్ కేవలం ముందు గది. సమాచారం అంతా భద్రంగా ఉండే చోటు డేటాబేస్. ఈ రెండింటి మధ్య కూర్చుని, వచ్చిన అర్జీని చదివి, అడిగింది ఎవరో చూసి, నియమాలు సరిపోయాయో లేదో లెక్క కట్టి, అవసరమైతే వేరే సంస్థల సర్వర్లను అడిగి, చివరికి జవాబు పంపేది అప్లికేషన్ సర్వర్. బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు వాడే పెద్ద రకాన్ని ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ సర్వర్ అంటారు.

ఈ రకం సర్వర్లకు ఒక ఉమ్మడి పద్ధతి 1999 డిసెంబరులో వచ్చింది. సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన ఆ పద్ధతి పేరు జే2ఈఈ. తర్వాత జావా ఈఈ అయింది. సన్ కంపెనీని కొన్న ఒరాకిల్ దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాక 2018లో జకార్తా ఈఈగా పేరు మారింది. ఐబీఎం వారి వెబ్‌స్ఫియర్, ఒరాకిల్ వెబ్‌లాజిక్, రెడ్ హ్యాట్ జేబాస్ ఈ కుటుంబానికి చెందినవే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మన పిల్లల్లో చాలామంది రోజూ పని చేసేది వీటి మీదే.

ప్రోటోకాల్ అంటే మాట్లాడే మర్యాద

ఒకరు సలాం చెబితే రెండో వారు జవాబు చెబుతారు, ఆ తర్వాతే అసలు మాట మొదలవుతుంది. కంప్యూటర్లకూ అలాంటి మర్యాద ఉంది. ఎవరు ముందు పలకరించాలి, ఏ వరుసలో చెప్పాలి, విన్నానని ఎలా తెలపాలి, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి అన్న నియమాల కట్టే ప్రోటోకాల్.

అన్నిటికీ అడుగున ఉండేది టీసీపీ. ఫోన్ "ఉన్నారా?" అంటుంది. సర్వర్ "ఉన్నాను, నువ్వు ఉన్నావా?" అంటుంది. ఫోన్ "ఉన్నాను" అంటుంది. ఈ మూడు మాటలు పూర్తయ్యాకే కనెక్షన్ కుదురుతుంది. పొలం గట్టున సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు యాప్ తిరుగుతూనే ఉంటే, చాలాసార్లు ఈ పలకరింపే పూర్తి కాలేదని అర్థం. అక్కడ సర్వర్ తప్పేమీ లేదు.

దాని పైన హెచ్‌టీటీపీ ఉంటుంది. 1990 ప్రాంతంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ కోసం రూపొందించిన ఈ పద్ధతిలో ఒకరు అడుగుతారు, ఒకరు జవాబిస్తారు. ఆ మాటలు దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసేది టీఎల్‌ఎస్. రెండూ కలిస్తే హెచ్‌టీటీపీఎస్. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే దారి భద్రం అని మాత్రమే అర్థం. అవతల కూర్చున్నది మంచివాడని కాదు. దొంగ వెబ్‌సైట్‌కూ తాళం గుర్తు ఉండవచ్చు.

తెర మీద కనిపించే అంకెల అర్థం

హెచ్‌టీటీపీ జవాబుతో పాటు మూడు అంకెల సంఖ్య వస్తుంది. 200 అంటే పని సరిగ్గా జరిగింది. 4తో మొదలైతే అడిగిన వైపు పొరపాటు, 5తో మొదలైతే సర్వర్ వైపు ఇబ్బంది అని స్థూలంగా చెప్పుకోవచ్చు.

404: సర్వర్ బాగానే ఉంది, అడిగిన పేజీ అక్కడ లేదు. లింకు తప్పు కావచ్చు.

429: తక్కువ సమయంలో మరీ ఎక్కువసార్లు అడిగారు. మళ్లీ మళ్లీ నొక్కితే ఇంకా ఆలస్యమే.

500: సర్వర్ లోపలి ప్రోగ్రాం ఎక్కడో తప్పింది.

502: ముందు నిలబడ్డ సర్వర్‌కు వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు.

503: ప్రస్తుతానికి తీసుకోలేను. రద్దీ కావచ్చు, మరమ్మతు కావచ్చు.

504: వెనక సర్వర్ నుంచి గడువులోగా జవాబు రాలేదు.

వీటిలో జాగ్రత్తగా చూడాల్సింది 504. పని జరగలేదని అది చెప్పడం లేదు. జవాబు రాలేదని మాత్రమే చెబుతోంది. వెనక సర్వర్ ఆ పని పూర్తి చేసి ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. డబ్బు విషయంలో ఈ తేడాయే చాలా తిప్పలకు మూలం.

లోపల ఏం జరుగుతుంది

యార్డులో కాటాలు పది ఉంటే ఒకేసారి పది లాట్లే తూగుతాయి. మిగతా టిక్కీలు వరుసలో ఉండాల్సిందే. అప్లికేషన్ సర్వర్ లోపలా అంతే. వచ్చిన ప్రతి అర్జీని ఒక పనివాడు తీసుకుంటాడు. ఆ పనివాళ్లను థ్రెడ్లు అంటారు, వాళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. డేటాబేస్‌కు వెళ్లే దారులకూ హద్దు ఉంటుంది. ఆ దారుల గుంపును కనెక్షన్ పూల్ అంటారు.

డేటాబేస్ నెమ్మదిస్తే ఒక్కో పనివాడు దారి ఖాళీ అయ్యేదాకా నిలబడిపోతాడు. కొద్దిసేపట్లో పనివాళ్లంతా నిలబడే ఉంటారు. కొత్తగా వచ్చిన వాళ్లను తీసుకునే వాళ్లుండరు. బయట ఉన్న మనిషికి అది ‘సర్వర్ డౌన్’. నిజానికి సర్వర్ పడిపోలేదు, లోపల కిక్కిరిసింది. స్లాట్లు తెరిచిన వెంటనే, చివరి తేదీ సాయంత్రం, పింఛన్లు ఇచ్చే 1వ తేదీ పొద్దున ఇబ్బంది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఈ బరువును పంచడానికి ఒకే రకం సర్వర్లు చాలా పెట్టి, ముందు లోడ్ బ్యాలెన్సర్‌ను నిలబెడతారు. అయితే అన్ని సర్వర్లూ ఒకే డేటాబేస్ మీద ఆధారపడితే కాటాలు పెంచి గోడౌన్ తలుపు ఒకటే ఉంచినట్టు అవుతుంది.

ఈ సర్వర్లు ఇచ్చే సేవలు ఇంకొన్ని ఉన్నాయి. లాగిన్ అయింది ఎవరో గుర్తుంచుకునేది సెషన్ సేవ. కాసేపు ఏమీ నొక్కకపోతే "సెషన్ ఎక్స్‌పైర్డ్" అనడం అందుకే. ఎవరికి ఏ అధికారం ఉందో చూసేది భద్రతా సేవ. ఏ విభాగం ఎక్కడ ఉందో పేరుతో వెతికి చూపేది నామకరణ సేవ. ఇచ్చిపుచ్చుకోవడం పూర్తిగా జరగాలి, లేదంటే అసలు జరగకూడదు అని కాపలా కాసేది లావాదేవీ సేవ, అంటే ట్రాన్సాక్షన్ సర్వీస్.

సర్వర్‌తో సర్వర్ మాట్లాడే భాషలు

ఒక్క అర్జీకి ఒక్క సర్వర్ సరిపోదు. పొలం వివరాలు ఒక చోట, ఆధార్ ఇంకో చోట, బ్యాంకు మరో చోట. వీటి మధ్య భాషలు కాలంతో మారుతూ వచ్చాయి.

1990లలో కోర్బా, దాని ఐఐఓపీ ప్రోటోకాల్ వచ్చాయి. జావా సర్వర్లు దూరంగా ఉన్న ప్రోగ్రాంను పక్కనే ఉన్నట్టు పిలవడానికి ఆర్‌ఎంఐ వాడాయి. ఇవి ఒకే సంస్థ లోపల బాగా నడిచేవి, సంస్థల మధ్య గోడలు దాటడం కష్టంగా ఉండేది. తర్వాత సోప్ వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసిన ఉత్తరాన్ని ఎక్కువగా హెచ్‌టీటీపీ మీదే పంపుతారు. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పీహెచ్‌డీ పరిశోధనలో రెస్ట్ పద్ధతిని వివరించాడు. తేలికగా ఉండటంతో ఇప్పటి మొబైల్ యాప్‌లలో ఎక్కువ భాగం దాన్నే అనుసరిస్తున్నాయి.

బ్యాంకులకు పాత భాష ఇంకొకటి ఉంది: ఐఎస్‌ఓ 8583. 1987లో మొదటిసారి వెలువడిన ఈ ప్రమాణం ఏటీఎం, కార్డు లావాదేవీలకు వెన్నెముక. అందులో ప్రతి సందేశానికీ నాలుగంకెల రకం ఉంటుంది. 0200 అంటే డబ్బు అడగడం, 0210 అంటే దానికి జవాబు, 0420 అంటే జరిగినదాన్ని వెనక్కి తిప్పమని చెప్పడం. ఏటీఎం మధ్యలో ఆగితే డబ్బు తిరిగి ఖాతాలో పడటం వెనక ఈ వెనక్కి తిప్పే సందేశం ఉంటుంది.

ఇప్పుడు చెప్పడం, చిట్టీ పెట్టి వెళ్లడం

సర్వర్లు మాట్లాడుకోవడంలో రెండు తీర్లున్నాయి. ఒకటి ఎదురుగా నిలబడి అడగడం. జవాబు వచ్చేదాకా కదలరు. రెండోది చిట్టీ రాసి పెట్టెలో వేసి వెళ్లడం. అవతలి వారు వీలు చూసుకుని తీసి చదువుతారు. ఆ పెట్టెను మెసేజ్ క్యూ అంటారు. ఐబీఎం 1993లో తెచ్చిన ఎంక్యూ సిరీస్ ఇందులో పేరున్నది. జావా సర్వర్లలో ఈ సేవకు జేఎంఎస్ అని పేరు.

క్యూలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, అవతలి సర్వర్ కాసేపు ఆగినా చిట్టీ పోదు. లోపం ఏమిటంటే, వెంటనే ఫలితం తెలియదు. తెర మీద "ప్రాసెసింగ్", "పెండింగ్" అని కనిపించేది ఈ స్థితే. ఎస్‌ఎంఎస్‌లు కూడా ఇలాగే వరుసలో వెళ్తాయి. కాబట్టి మెసేజ్ రాలేదంటే డబ్బు పడలేదని కాదు, ఖాతా చూసుకోవాలి. మెసేజ్ వచ్చిందంటే డబ్బు పడినట్టే అని కూడా అనుకోకూడదు. దొంగ మెసేజ్‌లు చాలా తిరుగుతున్నాయి.

2016 ఏప్రిల్ 11న మొదలైన యూపీఐ కూడా ఈ రెండో తీరుకు దగ్గరగా ఉంటుంది. బ్యాంకు నుంచి అభ్యర్థన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు చేరగానే ముందు "అందింది" అన్న రసీదు వెళ్తుంది. అసలు ఫలితం వేరే సందేశంగా తర్వాత వస్తుంది. పంపేవారి బ్యాంకు, అందుకునేవారి బ్యాంకు, మధ్యలో కార్పొరేషన్ సర్వర్. ఇన్ని చేతులు మారే దారిలో ఏ ఒక్కరి జవాబు ఆలస్యమైనా తెర మీద పెండింగే.

రెండోసారి నొక్కే ముందు

పురుగుమందుల షాపులో రూ.5,000 పంపారు. డబ్బు కట్ అయింది, షాపు వారికి చేరలేదు. ఇక్కడ తొందరపడి రెండోసారి పంపితే రెండూ వెళ్లే ప్రమాదం ఉంది. యాప్ దృష్టిలో రెండోసారి నొక్కింది కొత్త లావాదేవీ, దానికి కొత్త నంబరు.

మంచి పద్ధతిలో రాసిన సర్వర్ ప్రతి అర్జీకి ఒక ప్రత్యేక నంబరు ఇస్తుంది. అదే నంబరుతో పదిసార్లు వచ్చినా పని ఒక్కసారే చేస్తుంది. కానీ యాప్ మూసి కొత్తగా మొదలుపెడితే నంబరు మారుతుంది, ఈ రక్షణ పోతుంది. అందుకే పెండింగ్‌లో ఉన్నప్పుడు మొదట హిస్టరీలో ఫలితం చూడాలి, 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకోవాలి, అవతలి వారిని ఖాతా చూడమనాలి.

కట్ అయిన డబ్బు ఎప్పటికి రావాలో భారతీయ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువులు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ డబ్బు అవతల పడకపోతే లావాదేవీ మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి. షాపుకు కట్టిన యూపీఐ అయితే 5 రోజులు. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కట్ అయితే 5 రోజులు. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రతో తీసేటప్పుడు కట్ అయి ధ్రువీకరణ రాకపోయినా 5 రోజులు. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలన్నది నియమం. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

వేలిముద్ర దగ్గర ఆగితే

మిర్చి కోతల్లో, పత్తి తీతల్లో పని చేసే వాళ్ల వేళ్ల గీతలు అరిగిపోతుంటాయి. పెద్దవయసు వారిలో ఇది ఇంకా ఎక్కువ. యంత్రం మీద వేలు పెట్టగానే ముద్ర అక్కడే రహస్య సంకేతంగా మారి, అనుమతి ఉన్న సంస్థల సర్వర్ల మీదుగా ఆధార్ కేంద్ర భాండాగారానికి వెళ్తుంది. అక్కడి నుంచి వచ్చే జవాబు ఔను లేదా కాదు. కాదంటే పక్కన ఒక ఎర్రర్ నంబరు.

300 అని వస్తే ముద్ర సరిపోలలేదు. 330 అని వస్తే ఆధార్‌దారు తన బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఉంచారు. రెండు సందర్భాల్లోనూ సర్వర్ బాగానే పని చేసింది, జవాబు కూడా ఇచ్చింది. కాసేపాగి వచ్చినా లాభం లేదు. చేయి కడిగి తుడుచుకుని వేరే వేలు పెట్టడం, కంటిపాప లేదా ముఖం ద్వారా గుర్తింపు అడగడం, ఆధార్ కేంద్రంలో ముద్రలు అప్‌డేట్ చేయించడం, లాక్ ఉంటే తీయడం దారి. అమ్మీనో నానీమానో "సర్వర్ లేదట" అని వెనక్కి వస్తే, తెర మీద ఏ నంబరు వచ్చిందో అడిగి తెలుసుకోవాలి.

యార్డులో, పత్తి కేంద్రంలో

జాతీయ వ్యవసాయ మార్కెట్, అంటే ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న మొదలైంది. గుంటూరు మిర్చి యార్డు అందులో ఉంది. సరుకు గేటు దాటగానే లాట్ నంబరు, తర్వాత నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ వేలం, గెలిచిన ధర ప్రకటన, తూకం, బిల్లు, చెల్లింపు. ఒక్కో మెట్టు సర్వర్‌లో ఒక్కో నమోదు. లాట్ నంబరు పడితే సరుకు లెక్కలోకి వచ్చినట్టే. అది పడకముందు ఆగితే మళ్లీ నమోదు చేయించాలి. పడ్డాక ఆగితే నంబరు చూపి అక్కడి నుంచి కొనసాగించమనాలి.

పత్తికి కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2025లో ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. రిజిస్ట్రేషన్, స్లాట్ రెండూ అందులోనే. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. తేమ 12 శాతం దాటితే కార్పొరేషన్ కొనదు. స్లాట్ దొరక్క బండి రెండు రోజులు బయట నిలబడి మంచు తగిలితే తేమ పెరుగుతుంది, లేదంటే తక్కువ ధరకు ప్రైవేటులో అమ్ముకోవాలి. సర్వర్ ఆలస్యం రైతు ఇంట్లో నష్టంగా మారేది ఇలాగే. కాబట్టి స్లాట్ ఖరారైన మెసేజ్ గానీ తెర ఫొటో గానీ చేతిలో లేకుండా బండి కట్టకపోవడం మేలు. చెల్లింపు ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాకే వెళ్తుంది. ఏ ఖాతా ముడిపడి ఉందో సీజన్‌కు ముందే బ్యాంకులో చూసుకోవాలి.

‘ఉమీద్’ చెప్పిన పాఠం

వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించే ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న తెరిచారు, గడువు ఆరు నెలలు. చివరి రోజుల్లో పోర్టల్ నెమ్మదించిందని చాలా రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. పెద్ద పెద్ద పత్రాలు ఎక్కించేటప్పుడు ఒక్కో అర్జీ ఒక్కో పనివాడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, కాబట్టి చివరి తేదీ రద్దీ మామూలు రద్దీ కంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది. డిసెంబరు 1న సుప్రీంకోర్టు గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, ట్రిబ్యునళ్లకు వెళ్లమంది.

ఈ పోర్టల్‌లో మూడు మెట్లున్నాయి. ముతవల్లీ వివరాలు ఎక్కిస్తారు, ఇంకొకరు పరిశీలిస్తారు, పై అధికారి ఆమోదిస్తారు. "సబ్‌మిట్ అయింది" అంటే మొదటి మెట్టు దాటింది, అంతే. మసీదు కమిటీ అయినా, కబరస్తాన్ కమిటీ అయినా, ఆ తర్వాతి రెండు మెట్లనూ నంబరుతో వెంటపడి చూసుకోవాలి. తెర నిలిచిపోతే తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచుకుంటే, ప్రయత్నించామని తర్వాత చూపడానికి ఆధారం ఉంటుంది.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

‘సర్వర్ డౌన్’ అన్న మాట వినగానే అక్కడి మనిషితో గొడవ పడి లాభం లేదు. ఆయన చూసేదీ ఆ తెరే. మర్యాదగా ఈ నాలుగు అడగవచ్చు.

తెర మీద ఏ మాట, ఏ నంబరు వచ్చింది? దాన్ని రాసుకోవాలి.

మన అర్జీకి నంబరు పడిందా? పడితే కొత్తగా చేయొద్దు, ఆ నంబరు స్థితి చూడమనాలి.

డబ్బు కట్ అయిందా? అయితే రిఫరెన్స్ నంబరు, సమయం తీసుకోవాలి.

ఇక్కడ మాత్రమే ఆగిందా, అన్ని చోట్లా ఆగిందా? పక్క ఊరి కేంద్రంలో నడుస్తుంటే ఇబ్బంది ఇక్కడి నెట్‌లో ఉంది, అక్కడికి వెళ్లవచ్చు.

ఇంకో జాగ్రత్త. డబ్బు ఆగినప్పుడు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే మోసగాళ్లకు చిక్కే అవకాశం ఉంది. నంబరు యాప్ లోపలి నుంచి గానీ పాస్‌బుక్ మీద నుంచి గానీ తీసుకోవాలి. డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. ఓటీపీ గానీ పిన్ గానీ అడిగారంటే అది మోసమే. అప్పటికే డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.